అప్‌డేట్లు వాటంతట అవే, కానీ మీరు చెప్పిన టైమ్‌కి: విండోస్, మ్యాక్, లినక్స్‌లకు సమగ్ర మార్గదర్శి

ఒకసారి మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది. కింద "27 శాతం పూర్తయింది, కంప్యూటర్ ఆపకండి" అని ఉంది. అవతల తొమ్మిది మంది ఎదురుచూస్తున్నారు. ఆ 27 కాస్తా 30 అయ్యేలోపు ఫోన్‌లో ముగ్గురికి సారీ చెప్పాను. తప్పు కంప్యూటర్‌ది కాదు. మూడు వారాలుగా అది రీస్టార్ట్ అడుగుతూనే ఉంది, నేను "తర్వాత గుర్తుచేయి" నొక్కుతూనే ఉన్నాను.

ఆ కోపంలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. అప్‌డేట్లు మొత్తం ఆపేశాను. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదేనని తర్వాత అర్థమైంది. ఇప్పుడు నా పద్ధతి వేరు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు కంప్యూటర్‌కే వదిలేస్తాను. పెద్ద వెర్షన్ మార్పు మాత్రం నా చేతుల్లోనే ఉంచుకుంటాను. రీస్టార్ట్ ఎప్పుడు జరగాలో ముందే చెప్పి పెడతాను. ఈ మూడింటినీ ఒకే స్విచ్ అనుకోవడం వల్లే అప్‌డేట్ అనగానే టెన్షన్ పుడుతుంది.

కింద రాసిన మెనూ పేర్లు ఇంగ్లిష్ ఇంటర్‌ఫేస్‌లో కనిపించేవి. కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముందుగా: ఏ అప్‌డేట్ ఏ రకం?

మొదటి రకం సెక్యూరిటీ ప్యాచ్. బయటపడిన లోపాన్ని పూడ్చడమే దీని పని, చూడటానికి కొత్తగా ఏమీ కనిపించదు. దీన్ని ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. అదే లోపాన్ని వాడుకుంటూ మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) విరుచుకుపడింది. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు ఉంది. ఆ రెండు నెలల్లో ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్లలోకి అది ఆ దారిన రాలేకపోయింది.

రెండో రకం ఫీచర్ అప్‌డేట్, అంటే వెర్షనే మారిపోవడం. ఇక్కడ తొందరపడితే జరిగే నష్టం వేరు. 2018 అక్టోబర్ మొదట్లో విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిపేసింది. కొద్ది రోజులకే దాన్ని ఆపేశారు. సరిచేసి మళ్లీ నవంబర్ 13న ఇచ్చారు. ఆ నెలన్నర ఆగినవాళ్లు పోగొట్టుకున్నది ఏమీ లేదు.

మూడో రకం డ్రైవర్లు (ప్రింటర్, గ్రాఫిక్స్ లాంటి భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్), ఫర్మ్‌వేర్ (ఆ భాగాల లోపలే ఉండే సాఫ్ట్‌వేర్). ఇవి హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడతాయి కాబట్టి అరుదుగానైనా, తేడా కొడితే గట్టిగానే కొడతాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నడుస్తున్నప్పుడు కరెంట్ పోతే కంప్యూటర్ మళ్లీ లేవకపోవచ్చు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే చేయండి.

కాబట్టి మొదటి రకానికి రోజుల్లో లెక్క, రెండో రకానికి నెలల్లో లెక్క. మూడోది అవసరం కనిపించినప్పుడే.

సెట్టింగ్ ముట్టుకునే ముందు

ఆటోమేట్ చేయడమంటే మీరు చూడనప్పుడు పని జరగడం. చూడనప్పుడు పాడైనా తట్టుకునే ఏర్పాటు ముందే ఉండాలి.

బ్యాకప్ సంగతి అందరూ చెప్పేదే. నేను చెప్పేది ఒక్కటే: బ్యాకప్‌లోంచి ఒక ఫైల్‌నైనా వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి. అలా తెరిచి చూడనంతవరకు అది పనికొచ్చే బ్యాకప్పో కాదో మీకు తెలియదు.

దీనికన్నా ఎక్కువమంది మర్చిపోయేది రికవరీ కీ. విండోస్‌లో డిస్క్ బిట్‌లాకర్‌తో (కీ లేనిదే డేటా చదవనివ్వని ఎన్‌క్రిప్షన్) లాక్ అయి ఉంటే, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాతో, బూట్‌కి సంబంధించిన మార్పు తర్వాతో కంప్యూటర్ ఒక్కసారిగా 48 అంకెల కీ అడగొచ్చు. మీ పాస్‌వర్డ్ అక్కడ పనిచేయదు. కొత్త కంప్యూటర్లలో మీరు అడగకుండానే ఈ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. "నేనెప్పుడూ పెట్టలేదే" అనుకోకుండా ఇవాళే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైజ్‌ల కింద చూడండి, ఆ కీ సాధారణంగా అక్కడ సేవ్ అయి ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ ఫైల్‌గా దాచుకుంటే తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టే. మ్యాక్‌లో ఇలాంటి ఎన్‌క్రిప్షన్ అయిన ఫైల్‌వాల్ట్ వాడేవాళ్లకూ ఇదే మాట.

ఇక డిస్క్‌లో చోటు. నేను ఎప్పుడూ 20 జీబీకి తగ్గకుండా ఖాళీ ఉంచుతాను. అప్‌డేట్ మధ్యలో ఆగిపోయిందని నన్ను పిలిచిన చోట చాలాసార్లు కారణం ఇదే: సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంటుంది.

విండోస్: సెట్టింగ్స్‌తోనే చాలావరకు అయిపోతుంది

మొట్టమొదట మీ వెర్షన్‌కి ఇంకా సపోర్ట్ ఉందో లేదో చూడండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "విన్‌వర్" అని టైప్ చేస్తే చిన్న పెట్టెలో 23హెచ్2, 24హెచ్2 లాంటి వెర్షన్ పేరు కనిపిస్తుంది. విండోస్ 11 ఫీచర్ అప్‌డేట్ ఏడాదికి ఒకటి వస్తుంది. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కి 24 నెలలు ప్యాచ్‌లు ఇస్తారు, ఎంటర్‌ప్రైజ్‌లో 36 నెలలు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దానిమీదే ఉన్నవాళ్లు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే పథకంలో చేరితే తప్ప కొత్త ప్యాచ్‌లు రావు. గడువు తీరిన వెర్షన్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఎంత చక్కగా అమర్చినా లాభం లేదు. రావడానికే ఏమీ లేకపోతే ఏం వస్తుంది?

తర్వాత దాని క్యాలెండర్ తెలుసుకోండి. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ప్యాచ్‌లను నెలలో రెండో మంగళవారం విడుదల చేస్తోంది. దీన్నే ప్యాచ్ ట్యూస్‌డే అంటారు. అవి క్యుములేటివ్, అంటే ఈ నెల ప్యాచ్‌లో పాత నెలలవీ కలిసే ఉంటాయి. రెండు నెలలు వదిలేసినా ఒక్కటి వేస్తే సరిపోతుంది. నెల చివర్లో "ప్రివ్యూ" అని ఇంకొకటి వస్తుంది. అది వచ్చే నెల ప్యాచ్‌లోని మార్పులకు ముందస్తు రుచి మాత్రమే, సెక్యూరిటీ కోసం కాదు. దాన్ని వదిలేయండి. మరీ అత్యవసరమైతే ఈ క్యాలెండర్‌కి బయట కూడా ప్యాచ్ వస్తుంది, అది వచ్చిన రోజు మాత్రం ఆగకండి.

ఇప్పుడు సెట్టింగ్స్ తెరిచి విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లండి. పైన "గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్" అని ఒక స్విచ్ ఉంటుంది. పేరు చూసి ఆన్ చేయాలనిపిస్తుంది కానీ ఆఫ్‌లోనే ఉంచండి. దీన్ని ఆన్ చేస్తే మీరు ప్రివ్యూలు, కొత్త ఫీచర్లు అందరికన్నా ముందు రుచి చూసే వరుసలో నిలబడతారు. ఆఫ్‌లో ఉన్నా సెక్యూరిటీ ప్యాచ్‌లు మామూలుగానే వస్తాయి.

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మూడు చూడండి. "రిసీవ్ అప్‌డేట్స్ ఫర్ అదర్ మైక్రోసాఫ్ట్ ప్రొడక్ట్స్" ఆన్ చేయండి. రీస్టార్ట్ అవసరమైనప్పుడు నోటిఫై చేసే స్విచ్ కూడా ఆన్. "గెట్ మి అప్ టు డేట్" మాత్రం ఆఫ్. అది యాక్టివ్ అవర్స్‌ని కూడా పక్కనపెట్టి వీలైనంత త్వరగా రీస్టార్ట్ చేసేస్తుంది.

అసలు కీలకం యాక్టివ్ అవర్స్. ఆ గంటల్లో విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాదు. మామూలుగా అది మీ వాడకాన్ని గమనించి తనే నిర్ణయించుకుంటుంది, ఇక్కడే చిక్కు. ఒక వారం రాత్రిపూట పని చేస్తారు, ఇంకో వారం పగలు. దాని అంచనా తప్పుతుంది. "మాన్యువల్" ఎంచుకుని మీరే పెట్టండి. గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వొచ్చు. నేను ఉదయం 7 నుంచి రాత్రి 1 వరకు పెట్టాను. మిగిలిన ఆరు గంటలు దానివి. అయితే ఆ ఆరు గంటల్లో ల్యాప్‌టాప్ బ్యాగులో మూసి ఉంటే పని జరగదు. వారానికి ఒక రాత్రైనా చార్జర్ పెట్టి, ఆన్‌లో వదిలి పడుకోండి.

ముఖ్యమైన పని ముందుంటే "పాజ్ అప్‌డేట్స్" ఉంది, వారాల చొప్పున ఐదు వారాల వరకు ఆపుకోవచ్చు. పరీక్షలు, ప్రయాణం, గడువు దగ్గరపడిన ప్రాజెక్ట్ లాంటి వాటికి ఇదే సరైన దారి. సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ సర్వీస్‌ని చంపేయడం, రిజిస్ట్రీలో గెలకడం, ఎవరో తయారుచేసిన "అప్‌డేట్ బ్లాకర్" దించుకోవడం, ఇవన్నీ వద్దు. ఆపేసిన అప్‌డేట్ భాగాలను మళ్లీ లేపడానికే విండోస్‌లో మెడిక్ సర్వీస్ అని ఒకటి ఉంది. మీరు ఆపడం, అది లేపడం, ఈ పెనుగులాటలో చివరికి అప్‌డేట్ వ్యవస్థ సగం పనిచేసి సగం చచ్చిన స్థితిలో మిగులుతుంది.

మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేసుకోండి. చాలావరకు డౌన్‌లోడ్లు ఆగుతాయి. కానీ నెలకోసారైనా మంచి వైఫై దొరికిన చోట చేతితో "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కాలి, లేకపోతే డేటా మిగులుతుంది కానీ ప్యాచ్‌లు రావు. డెలివరీ ఆప్టిమైజేషన్‌లో డౌన్‌లోడ్ వేగానికి పరిమితి కూడా పెట్టుకోవచ్చు. ఇంట్లో అందరూ ఒకే కనెక్షన్ వాడుతుంటే అది బాగా పనికొస్తుంది.

ప్రో ఎడిషన్ ఉంటే ఇంకో మెట్టు

ప్రో ఉన్నవాళ్లకు గ్రూప్ పాలసీ ఎడిటర్ (విండోస్ నియమాలను వివరంగా మార్చే టూల్) ఉంటుంది, హోమ్‌లో ఇది రాదు. విండోస్ కీ, ఆర్ నొక్కి "జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ" కొట్టండి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, విండోస్ అప్‌డేట్, ఈ వరుసలో లోపలికి వెళ్లండి.

అక్కడ "కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్" ఉంది. 2 ఎంచుకుంటే డౌన్‌లోడ్‌కి ముందే అడుగుతుంది. 3 అయితే డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్‌కి అడుగుతుంది. 4 అయితే మీరు చెప్పిన రోజు, చెప్పిన గంటకు ఇన్‌స్టాల్ చేస్తుంది. నా ఓటు 4కే. 3 పెట్టుకున్నవాళ్లు మళ్లీ "తర్వాత" నొక్కే జాతిలోనే చేరతారు, నా అనుభవం అదే. 4తో పాటు "నో ఆటో రీస్టార్ట్ విత్ లాగ్డ్ ఆన్ యూజర్స్" పాలసీ కూడా ఉంది. ఎవరైనా లాగిన్ అయి ఉండగా రీస్టార్ట్ కాకుండా అది అడ్డుకుంటుంది. సౌకర్యమే, కానీ ఎప్పుడూ లాగిన్‌లోనే ఉండే మనిషి కంప్యూటర్ ఎప్పటికీ రీస్టార్ట్ కాదు. అది గుర్తుపెట్టుకుని వాడండి.

నాకు బాగా నచ్చేవి ఇంకో రెండు. "సెలెక్ట్ వెన్ క్వాలిటీ అప్‌డేట్స్ ఆర్ రిసీవ్డ్" దగ్గర నెలవారీ ప్యాచ్‌ని 30 రోజుల వరకు వాయిదా వేయొచ్చు. నేను 4 రోజులు పెట్టాను. ప్యాచ్‌లో లోపముంటే ఆ నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు మొత్తుకుంటారు, మైక్రోసాఫ్ట్ సరిచేయడమో వెనక్కి తీసుకోవడమో చేస్తుంది. రెండోది "సెలెక్ట్ ద టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్". ఇక్కడ పై గడిలో "విండోస్ 11", కింది గడిలో మీరు ఉండదలచుకున్న వెర్షన్, ఉదాహరణకు 24హెచ్2, ఇస్తే కంప్యూటర్ ఆ వెర్షన్ దాటి పోదు. ప్యాచ్‌లు మాత్రం వస్తూనే ఉంటాయి. ఆ వెర్షన్ గడువు ఎప్పుడు తీరుతుందో ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి, ఒక నెల ముందు మోగేలా.

మ్యాక్: తక్కువ మీటలు, వెనక్కి దారి ఇరుకు

సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. అక్కడ ఆటోమేటిక్ అప్‌డేట్స్ పక్కన ఉన్న చిన్న "ఐ" గుర్తు నొక్కితే స్విచ్‌లు కనిపిస్తాయి. అప్‌డేట్లు డౌన్‌లోడ్ చేయడం ఆన్. సెక్యూరిటీ రెస్పాన్స్‌లు, సిస్టమ్ ఫైల్స్ ఇన్‌స్టాల్ చేయడం తప్పనిసరిగా ఆన్, దాన్ని మాత్రం ఎప్పుడూ ఆపకండి. "ఇన్‌స్టాల్ మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్స్" మీ ఇష్టం. రోజూ కూర్చుని పనిచేసే మ్యాక్ అయితే నేను దాన్ని ఆఫ్‌లో పెట్టి, నోటిఫికేషన్ వచ్చాక ఆ రాత్రికే "టునైట్" అని ఒప్పుకుంటాను. ల్యాప్‌టాప్ చార్జర్‌కి తగిలించి ఉంచాలి.

ఆపిల్ పాత వెర్షన్లకు కూడా కొంతకాలం సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తుంది. అయితే తెలిసిన లోపాలన్నీ పూర్తిగా పూడ్చేది తాజా మేజర్ వెర్షన్‌లోనే. అందుకని మేజర్ వెర్షన్‌ని ఒకటి రెండు నెలలు ఆపొచ్చు, ఏళ్ల తరబడి కాదు. పైగా విండోస్‌లోలాగా "గో బ్యాక్" బటన్ ఇక్కడ లేదు. కొత్త వెర్షన్ నచ్చకపోతే డిస్క్ చెరిపి పాతది వేసి, టైమ్ మెషిన్ బ్యాకప్‌లోంచి డేటా తెచ్చుకోవాలి. మేజర్ అప్‌గ్రేడ్ నొక్కే రోజు పొద్దున్నే ఒక టైమ్ మెషిన్ బ్యాకప్ తీసుకోండి.

లినక్స్: ఇక్కడ పూర్తి పగ్గాలు మీవే

లినక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్‌లలో ఈ పని చేసే ప్యాకేజీ పేరు అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్. ఉబుంటులో ముందే ఉంటుంది. లేకపోతే "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్" కొట్టండి. తర్వాత "సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్" కొట్టి, అడిగినదానికి ఎస్ చెప్పండి. దాంతో ఈటీసీ కింద ఆప్ట్ ఫోల్డర్‌లో, ఆప్ట్.కాన్ఫ్.డి లోపల "20ఆటో-అప్‌గ్రేడ్స్" అనే ఫైల్ తయారవుతుంది. అందులో రెండు లైన్లు, రెండింటి చివరా 1. అది ఆన్ అని కాదు, "ఒక రోజుకోసారి" అని అర్థం. 7 పెడితే వారానికోసారి. 0 పెడితే ఆగిపోతుంది.

ఏం అప్‌డేట్ కావాలో చెప్పే ఫైల్ వేరు, అదే ఫోల్డర్‌లో "50అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్". తెరిస్తే భయపెట్టేలా ఉంటుంది కానీ చాలా లైన్ల ముందు రెండు స్లాష్‌లు ఉంటాయి, అంటే అవి పనిచేయడం లేదు. ఉబుంటులో అసలు సెట్టింగ్ సెక్యూరిటీ ప్యాచ్‌లను మాత్రమే తీసుకుంటుంది, మామూలు అప్‌డేట్లు తీసుకోదు. అలాగే ఉంచండి. బయటి రిపోజిటరీల (సాఫ్ట్‌వేర్ దించుకునే సర్వర్లు) నుంచి మీరు వేసుకున్నవి, ఉదాహరణకు కొన్ని బ్రౌజర్లు, ఈ జాబితాలో ఉండవు. "అన్నీ ఆటోమేటిక్ కదా" అనుకుని వాటిని వదిలేస్తే అవి పాతబడిపోతూనే ఉంటాయి.

ఈ ఫైల్‌లో నేను మార్చేవి ఇవి. "ఆటోమేటిక్-రీబూట్" ఫాల్స్‌గా ఉంటుంది. సర్వర్ అయితే ట్రూ చేసి, కింద "ఆటోమేటిక్-రీబూట్-టైమ్" దగ్గర 02:00 ఇస్తాను. "ప్యాకేజ్-బ్లాక్‌లిస్ట్"లో డేటాబేస్ పేరు రాస్తాను, ఎందుకంటే డేటాబేస్ ప్యాకేజీ అప్‌డేట్ అయితే ఆ సర్వీస్ రీస్టార్ట్ అవుతుంది. అది జరిగేటప్పుడు నేను దగ్గరుండాలి. "మెయిల్" దగ్గర నా అడ్రస్. "మెయిల్‌రిపోర్ట్" దగ్గర "ఓన్లీ-ఆన్-ఎర్రర్", లేకపోతే రోజూ వచ్చే మెయిళ్లలో అసలైనది మునిగిపోతుంది. మెయిల్ వెళ్లాలంటే ఆ మిషన్‌లో మెయిల్ పంపే ఏర్పాటు ఉండాలి, అది మర్చిపోవద్దు.

చివరగా "సుడో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్" కొట్టి, పక్కన రెండేసి గీతలతో "డ్రై-రన్", "డీబగ్" చేర్చండి. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, చేసేదుంటే ఏం చేసేదో చూపిస్తుంది.

టైమ్ విషయంలో ఒక మెలిక ఉంది. ఈ పనిని నడిపేది సిస్టమ్‌డీ టైమర్, అంటే లినక్స్‌లో పనులను వేళకు మొదలుపెట్టే ఏర్పాటు. మామూలుగా అది ఉదయం 6 దాటాక, గంటలోపు ఏదో ఒక నిమిషంలో మొదలవుతుంది. అందరి మిషన్లూ ఒకేసారి సర్వర్ మీద పడకుండా ఆ తేడా. మీరు రీబూట్‌కి 02:00 ఇచ్చారనుకోండి. ప్యాచ్ ఉదయం ఆరున్నరకు ఇన్‌స్టాల్ అవుతుంది, రీబూట్ ఆ అర్ధరాత్రి దాటాక రెండింటికి అవుతుంది. దాదాపు ఇరవై గంటలు పాత కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) మీదే నడుస్తుంది. అది నచ్చకపోతే "సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్.టైమర్" కొట్టి టైమర్‌నే రాత్రి ఒంటిగంటకు జరపాలి.

ఆ టైమర్‌కి ఇంకో గుణం ఉంది. ఉదయం ఆరింటికి మిషన్ ఆఫ్‌లో ఉంటే, ఆన్ చేయగానే పాత బాకీ తీర్చడం మొదలుపెడుతుంది. మీరు అప్పుడే ఏదో ఇన్‌స్టాల్ చేయబోతే "లాక్ దొరకలేదు" అని ఎర్రర్ వస్తుంది. నెట్‌లో చాలాచోట్ల ఆ లాక్ ఫైల్‌ని తీసేయమని సలహా ఉంటుంది. చేయకండి. అది చెడిపోయిన ఫైల్ కాదు, లోపల పని జరుగుతోందనే బోర్డు. కొన్ని నిమిషాలు ఆగండి, అదే వదులుతుంది.

నా దగ్గర ఒక పాత సర్వర్ ఉండేది. ఇవన్నీ అమర్చి నిశ్చింతగా ఉన్నాను. ఎనిమిది నెలల తర్వాత వేరే పనిమీద లాగిన్ అయితే బూట్ పార్టిషన్ (కెర్నల్స్ ఉండే డిస్క్ భాగం) వంద శాతం నిండి ఉంది. పాత కెర్నల్స్ తీసేసే సెట్టింగ్‌ని ఎప్పుడో నేనే ఆపేశాను, అవి పేరుకుపోయాయి, కొత్త కెర్నల్‌కి చోటు లేక అప్‌డేట్ రోజూ మొదలై రోజూ ఫెయిల్ అవుతోంది. లాగ్‌లో పూసగుచ్చినట్టు రాసి ఉంది. చదివేవాడే లేడు. వర్ కింద లాగ్ ఫోల్డర్‌లో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అని ఉంటుంది, అప్పుడప్పుడు చివరి ఇరవై లైన్లైనా చూడండి. "డీఎఫ్" కమాండ్‌తో బూట్ పార్టిషన్‌లో ఎంత చోటుందో కూడా.

డెస్క్‌టాప్‌లో చేతితో అప్‌గ్రేడ్ కొట్టినప్పుడు "డిఫర్డ్ డ్యూ టు ఫేజింగ్" అని కొన్ని ప్యాకేజీలు ఆగితే కంగారు వద్దు. ఉబుంటు మామూలు అప్‌డేట్లను విడతలవారీగా వదులుతుంది. మీ వంతు ఇంకా రాలేదు, అంతే.

వెర్షన్ మార్పు లెక్క ఇక్కడ తేలిక. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్లు ప్యాచ్‌లు ఉంటాయి. మధ్యలో వచ్చే వెర్షన్లకు తొమ్మిది నెలలే. అప్‌డేట్ల గొడవ తక్కువగా ఉండాలంటే ఎల్‌టీఎస్ మీదే ఉండండి. ఒక ఎల్‌టీఎస్ నుంచి ఇంకోదానికి వెళ్లమని ఉబుంటు కూడా విడుదలైన రోజే అడగదు, పాయింట్ వన్ (దాని మొదటి దిద్దుబాటు విడుదల) వచ్చేదాకా ఆగుతుంది. వాళ్లే ఆగుతుంటే మనకు తొందరేమిటి? ఫెడోరాలో ఇదే పనికి డీఎన్ఎఫ్-ఆటోమేటిక్ ఉంది. దాని కాన్ఫిగరేషన్‌లో "అప్లై_అప్‌డేట్స్" ఎస్ చేయడం మర్చిపోతే డౌన్‌లోడ్ చేసి ఊరుకుంటుంది. ఆర్చ్ లాంటి రోలింగ్ డిస్ట్రోలలో (విడి వెర్షన్లు లేకుండా ఎప్పటికప్పుడు మారే లినక్స్ రకాలు) మాత్రం ఆటోమేషన్ పెట్టకండి. అక్కడ కొన్ని అప్‌డేట్లకు మనిషి చేయి పడాలి, ముందుగా వాళ్ల వార్తల పేజీ చదవాలి.

రెండుకు మించి కంప్యూటర్లు ఉంటే

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర దగ్గర నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. అది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కాదు, కానీ పాఠం ఇక్కడికీ సరిపోతుంది. అది అన్ని చోట్లకూ ఒకేసారి వెళ్లింది.

చిన్న ఆఫీసైనా, ఇంట్లో నాలుగు కంప్యూటర్లైనా ఒకటి ముందు నడవాలి. అందులో ప్యాచ్ వచ్చిన రోజే పడుతుంది. దాన్ని మీరే వాడండి. ప్రింటర్, వీపీఎన్, రోజూ వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. మిగతావాటికి నాలుగు రోజుల వాయిదా. ఎప్పుడూ ఆగకూడని కంప్యూటర్‌కి ఇంకో మూడు రోజులు. విండోస్ ప్రోలో పైన చెప్పిన వాయిదా పాలసీతోనే ఇది అయిపోతుంది, ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. లినక్స్ సర్వర్లలో టైమర్‌ని వేర్వేరు రోజులకు పెడితే చాలు.

అయినా పాడైతే

విండోస్‌లో అప్‌డేట్ ఎక్కడం లేదంటే ముందు డిస్క్‌లో చోటు, తర్వాత ఒకసారి రీస్టార్ట్, ఆ తర్వాత ట్రబుల్‌షూటర్. అప్పటికీ కాకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "ఎస్ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ" నడపండి. అప్‌డేట్ హిస్టరీలో కేబీ నంబర్ (ఆ అప్‌డేట్ గుర్తింపు సంఖ్య), ఎర్రర్ కోడ్ రెండూ రాసుకుని వెతికితే సరైన జవాబు త్వరగా దొరుకుతుంది. "విండోస్ అప్‌డేట్ రావట్లేదు" అని వెతికితే చెత్తంతా వస్తుంది.

ఎక్కాక తేడా చేస్తే అప్‌డేట్ హిస్టరీలోనే కింద "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉంది. ఫీచర్ అప్‌డేట్ అయితే రికవరీలో "గో బ్యాక్" బటన్, దానికి గడువు 10 రోజులు మాత్రమే. ఆ పదిరోజుల్లో డిస్క్ క్లీనప్ నడిపి పాత వెర్షన్ దాచి ఉంచే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ చెరిపేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. అసలు బూటే కాకపోతే, మొదలవుతుండగా పవర్ బటన్ పట్టుకుని ఆపడం వరుసగా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. అక్కడ రికవరీ కీ అడగొచ్చు, కాగితం మీద రాసుకున్నది అప్పుడు కావాలి.

లినక్స్‌లో కొత్త కెర్నల్ మొరాయిస్తే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" తెరిచి పాత కెర్నల్‌తో లేపండి. అందుకే పాతది ఒకటి ఎప్పుడూ ఉంచుతారు. డెస్క్‌టాప్‌లో టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే అప్‌డేట్‌కి ముందు స్థితికి తిరిగి వెళ్లొచ్చు.

నెలకోసారి పది నిమిషాలు

రెండో మంగళవారం తర్వాతి ఆదివారం అని నేను గుర్తు పెట్టుకున్నాను. చూసేది మూడే. చివరి అప్‌డేట్ ఏ తేదీన ఎక్కింది? ఫెయిల్ అయినవి ఉన్నాయా? రీస్టార్ట్ ఎప్పుడైంది?

మూడోదే ఎక్కువగా దొరికిపోయే చోటు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్, సీపీయూ నొక్కితే కింద "అప్ టైమ్" కనిపిస్తుంది. "నేను రోజూ షట్‌డౌన్ చేస్తాను" అని ఘంటాపథంగా చెప్పేవాళ్ల దగ్గర కూడా అక్కడ 40 రోజులు అని ఉండటం చూశాను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆగదు, లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుని మర్నాడు అక్కడి నుంచే మొదలవుతుంది. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ కొట్టినప్పుడే. లినక్స్, మ్యాక్‌లలో టెర్మినల్ తెరిచి "అప్‌టైమ్" కొడితే చాలు. ఉబుంటులో అయితే "వర్" కింద "రన్" ఫోల్డర్‌లో "రీబూట్-రిక్వైర్డ్" అనే ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే ప్యాచ్ డిస్క్ మీదే ఉంది, నడుస్తున్నది ఇంకా పాతదే. ఆ సాయంత్రమే ఒక రీస్టార్ట్ కొట్టేయండి.